ఇంట్లో ఫోక్ సాంగ్ రికార్డింగ్: డప్పు సౌండ్ పగులుతోంది, మిక్స్‌కి ఏం పంపాలి, ఛానెల్ అగ్రిమెంట్ సంగతేంటి?

ఖమ్మం_పాట

అన్నలకు, అక్కలకు నమస్తే. మా అన్న రాసి, ట్యూన్ కట్టిన ఒక ఫోక్ సాంగ్‌ను మేమే రికార్డ్ చేసుకుంటున్నం. పాడేది మా చెల్లె. ఉన్న సామాను: స్కార్లెట్ 2ఐ2 ఇంటర్‌ఫేస్ (మైకులను ల్యాప్‌టాప్‌కు కలిపే పెట్టె), ఒక కండెన్సర్ మైకు, ఒక ఎస్‌ఎం57 మైకు, ల్యాప్‌టాప్‌ల రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్. గది 10 అడుగులకు 12, పైన స్లాబు, కింద టైల్స్.

ఒకటి, డప్పు రికార్డ్ చేస్తే సౌండ్ పగులుతోంది, గది మొత్తం గింగురుమంటోంది. రెండోది, మిక్సింగ్ హైదరాబాద్‌ల చేయించాలనుకుంటున్నం. ఫైళ్ళు ఎట్ల పంపాలె? "మైనస్ 14 లో మాస్టర్ చెయ్యాలె" అని ఒకరు, "ఎంత లౌడ్‌గ ఉంటే అంత మంచిది" అని ఒకరు అంటున్నరు. మూడోది పెద్దది: ఒక యూట్యూబ్ ఛానెల్ వాళ్ళు పాటకు ఒకేసారి పైసలిచ్చి "సర్వహక్కులూ శాశ్వతంగా మావే" అని రాసిన కాయితం పంపిన్రు. సంతకం పెట్టాల్నా? ఇంకోటి, కీబోర్డ్, బేస్ ఉన్న బీటు ఆన్‌లైన్‌ల నాన్ ఎక్స్‌క్లూజివ్ లైసెన్స్ మీద కొన్నం. దాంతోని ఏమన్న ఇబ్బంది ఉంటదా?

---

దరువు_మైకు

డప్పు సంగతి నేను చెప్తా తమ్మీ. సౌండ్ పగలడం వేరు, గింగురుమనడం వేరు. రెంటికీ మందు ఒకటి కాదు.

పగిలేది ఇంటర్‌ఫేస్ ప్రీఆంప్ (మైకు సిగ్నల్‌ను పెంచే భాగం) దగ్గర. గెయిన్ నాబ్ చుట్టూ ఉన్న రింగు ఎర్రగా అయిందంటే ఆ దెబ్బ అక్కడే తెగిపోయినట్టు. రీపర్‌లో ఫేడర్ ఎంత దించినా తిరిగి రాదు. పాటలో అన్నిటికంటే గట్టిగా వచ్చే దరువు కొట్టమను, పీక్ మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర పడేలా గెయిన్ పెట్టు. చెక్ చేసేటప్పటి కంటే అసలు టేక్‌లో కళాకారుడు ఊపు మీద మూడు నుంచి ఆరు డెసిబెల్స్ ఎక్కువ కొడతాడు. ఆ జాగా ముందే ఉంచాలి. 24 బిట్‌లో రికార్డ్ చేస్తే ఇంత తక్కువ లెవెల్‌తో నష్టమేం ఉండదు. కండెన్సర్ మీద మైనస్ 10 ప్యాడ్ స్విచ్ ఉంటే వెయ్యి.

మైకు పెట్టే తీరు: ఎస్‌ఎం57ను డప్పుకు రెండున్నర, మూడు అడుగుల దూరంలో పెట్టు. సరిగ్గా మధ్యకు గురిపెడితే 'ధం' ఒక్కటే వస్తది, అంచుకు పెడితే పుల్ల చప్పుడు మీదపడ్తది. మధ్యకూ అంచుకూ నడుమ గురి చూడు. కుడిచేతి చిర్ర దెబ్బ, ఎడమచేతి సిటికెన పుల్ల దెబ్బ రెండూ విడివిడిగా వినపడేదాకా మైకును రెండేసి అంగుళాలు జరుపుకుంటూ పో. ఈక్వలైజర్‌తో కుస్తీ పట్టడం కంటే ఇది నయం.

కండెన్సర్ ఆరేడు అడుగుల దూరంలో పెట్టు. రెండు మైకులకూ నాలుగడుగుల తేడా ఉంటే దూరం మైకుకు శబ్దం మూడున్నర మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతది. రెండు ట్రాకులూ కలిపి విన్నప్పుడు డప్పు పల్చబడినట్టు అనిపిస్తే ఒక ట్రాకు ఫేజ్ తిప్పి (శబ్దపు అలను తలకిందులు చేసి) చూడు. ఏ స్థితిలో కింది శబ్దం నిండుగా ఉంటే అదే ఉంచు.

ఇక గింగురు. ఎదురెదురు గోడలు, స్లాబు, టైల్స్ ఉన్న చిన్న గదిలో డప్పు కొట్టొద్దు. ఖర్చు లేని దారి: తెల్లవారుజామున వాకిట్లోనో, డాబా మీదనో రికార్డ్ చెయ్యి. గాలి వీస్తే మైకుకు ఫోమ్ తొడుగు కావాలి. లోపలే చెయ్యక తప్పకపోతే రెండు పరుపులు మూలల్లో నిలబెట్టి, కింద బొంతలు పరిచి, గోడకు మూడడుగులైనా జరిగి కొట్టమను. కోడిగుడ్ల అట్టలు అంటించొద్దు. అవి పై చప్పుడు కొంచెం మింగుతయి, డప్పు అడుగు శబ్దాన్ని ముట్టను కూడా ముట్టవు.

చాలామంది పట్టించుకోని ఇంకో సంగతి. తోలు డప్పును మంట దగ్గర కాస్తే శ్రుతి పెరుగుతది, కొట్టేకొద్దీ దిగుతది. కాచిన వెంటనే తీసిన పల్లవిని, పావుగంట తర్వాతి చరణంతో అతికిస్తే కట్ చేసిన చోటు చెవికి దొరికిపోతది. ప్రతి టేక్ ముందర మళ్ళీ కాసి, ఫోన్ ట్యూనర్‌తో చూసుకొని మొదలుపెట్టు. ఫైబర్ డప్పుకు ఈ బాధ లేదు కానీ మోత ఎక్కువసేపు నిలుస్తది. వెనక చిన్న గుడ్డముక్క టేపుతో అంటిస్తే తగ్గుతది.

డప్పు కళాకారుని చెవిలో క్లిక్ (టిక్ టిక్ తాళం) పెట్టి ఇబ్బంది పెట్టొద్దు, నడక చచ్చిపోతది. నీ దగ్గర ఉన్న బీటు టెంపో కదలదు కాబట్టి, ఆ బీటులోని తాళాన్నే హెడ్‌ఫోన్‌లో పెంచి వినిపించు. పాట తిశ్రనడకలో ఉంటే రీపర్ ప్రాజెక్టును 6/8కు మార్చుకో. 4/4 గ్రిడ్ మీద క్వాంటైజ్ చేస్తే (దెబ్బలను గ్రిడ్ గీతల మీదికి జరిపితే) దెబ్బలన్నీ తప్పుడు చోటికి పోయి పడ్తయి.

---

ఫేడర్_విజయవాడ

మిక్స్‌కి పంపేటప్పుడు జరిగే తప్పులు ఎక్కువగా చిన్నవే. కానీ ఇంజనీరుకు ఒక పూట పని పెడతాయి.

మీ పాటకు వీడియో ఉంటుంది కాబట్టి ప్రాజెక్టు, ఇంటర్‌ఫేస్ రెండూ 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ మీద ఉంచండి. కొన్న బీటు 44.1లో ఉంటే రీపర్ దాన్ని తనే మార్చుకుంటుంది. ఇంటర్‌ఫేస్ ఒక రేటులో, ప్రాజెక్టు ఇంకో రేటులో ఉన్నప్పుడే చిక్కు: 44.1 ఫైలు 48 మీద నేరుగా నడిస్తే పాట వేగం పెరుగుతుంది, శ్రుతి దాదాపు ఒకటిన్నర సెమీటోన్ పైకి పోతుంది. మీ చెల్లిగారు ఆ శ్రుతికి పాడేసి, తర్వాత సరిచేస్తే గొంతు మారిపోతుంది.

పాడేటప్పుడు బఫర్ (ల్యాప్‌టాప్ ఒక్కోసారి తీసుకునే శబ్దపు ముక్క) 128 శాంపిళ్ళు పెట్టండి (48లో అది 2.7 మిల్లీసెకన్లు). మిక్స్ చేసేటప్పుడు 1024కి పెంచుకోవచ్చు. విండోస్ అయితే కంపెనీ ఇచ్చిన ఆసియో డ్రైవరే (ఆలస్యం తగ్గించేది) వాడండి. బ్లూటూత్ హెడ్‌ఫోన్లతో మాత్రం పాడించకండి, శబ్దం వంద మిల్లీసెకన్లకు పైగా ఆలస్యంగా చేరుతుంది, తాళం జారుతుంది.

గొంతుకి ఆ గదే చాలు. పరుపు మైకు వెనక కాదు, పాడే మనిషి వెనక పెట్టాలి. కార్డియాయిడ్ మైకు తన వీపు వైపు సరిగా వినదు, ఎదురుగా ఉన్న మనిషినీ ఆ మనిషి వెనక గోడనూ వింటుంది. మైకుకి ఎనిమిది నుంచి పది అంగుళాల దూరం, మధ్యలో పాప్ ఫిల్టర్. ఫ్యాను ఆపండి, పక్క గదిలో ఫ్రిజ్ ఉంటే అదీ.

ప్రతి ట్రాకూ సున్నా సెకను నుంచే మొదలయ్యేలా వేవ్ ఫైలుగా తీయండి. చెల్లిగారు రెండో నిమిషంలో అందుకున్నా, ముందు ఖాళీతో సహా పంపాలి. పేర్లు "ఆడియో 07" అని కాకుండా "డప్పు దగ్గర", "డప్పు దూరం", "గొంతు మెయిన్", "కోరస్ 1" అని పెట్టండి. మాస్టర్ మీద వేసిన లిమిటర్ (శబ్దాన్ని ఒక హద్దు దాటనివ్వని టూల్) తీసేయండి. కానీ మీకు నచ్చిన రఫ్ మిక్స్ ఒకటి ఎంపీ3గా జతచేయండి, మీ మనసులో ఉన్నదేమిటో ఇంజనీరుకు దానివల్లే తెలుస్తుంది. టెంపో, శ్రుతి రాసి పెట్టండి. వాట్సాప్‌లో మామూలు ఆడియోలా పంపితే నాణ్యత తగ్గుతుంది. జిప్ చేసి డ్రైవ్‌లో పెట్టి లింకు ఇవ్వండి.

లౌడ్‌నెస్ దగ్గర మీకు చెప్పినవాళ్ళిద్దరిదీ సగం నిజం. స్పాటిఫై మామూలు సెట్టింగులో అన్ని పాటలనూ మైనస్ 14 లఫ్స్ (పాట మొత్తం మీద ఎంత లౌడో చెప్పే కొలత) దగ్గరకు తెస్తుంది. యూట్యూబ్ కూడా దాదాపు అక్కడికే దించుతుంది, కానీ నెమ్మదిగా ఉన్న పాటను పైకి లేపదు. మీరు మైనస్ 8కి నొక్కి ఇచ్చారనుకోండి, స్పాటిఫై ఆరు డెసిబెల్స్ దించేస్తుంది. లిమిటర్ కింద నలిగిన డప్పు దెబ్బ మాత్రం నలిగినట్టే ఉండిపోతుంది. పక్కన మైనస్ 12కి చేసిన పాట వస్తే దాని డప్పే ముందుకు దూకినట్టు వినిపిస్తుంది. అలాగని సరిగ్గా మైనస్ 14 కోసం పాకులాడనక్కర్లేదు. ఫోక్ సాంగ్ మైనస్ 12, మైనస్ 10 మధ్య హాయిగా కూర్చుంటుంది. ట్రూ పీక్ (శబ్దం చేరే అసలు శిఖరం) మైనస్ 1 దాటకూడదు. మాస్టర్ మైనస్ 14 కంటే లౌడ్‌గా ఉంటే మైనస్ 2 ఉంచమని స్పాటిఫై సలహా.

ఫైనల్ ఫైలు చిన్న ఫోన్ స్పీకర్లో వినకుండా ఓకే చేయకండి. మీ శ్రోతల్లో ఎక్కువమంది వినేది అందులోనే, అందులో బేస్ దాదాపు వినపడదు. అక్కడ కూడా మాట స్పష్టంగా, దరువు నడక తెలిసేలా ఉంటే మిక్స్ కుదిరినట్టు.

---

పాట_పత్రాలు

ఆ కాగితం మీద ఉన్నది ఉన్నట్టుగా సంతకం పెట్టకండి.

ఒక పాటలో రెండు వేర్వేరు హక్కులుంటాయి. సాహిత్యం, ట్యూన్ మీ అన్నగారివి. రికార్డింగ్ హక్కు దాన్ని తయారుచేయించిన వాళ్ళది, అంటే ఇప్పుడు మీది. ఛానెల్ వాళ్ళు "సర్వహక్కులు" అన్న ఒక్క మాటతో రెండూ పట్టుకుపోతున్నారు. అయితే 2012లో కాపీరైట్ చట్టానికి చేసిన సవరణ ప్రకారం, రచయిత, స్వరకర్త తమ రాయల్టీ వాటాను వారసులకో, కాపీరైట్ సొసైటీకో తప్ప ఇంకెవరికీ రాసివ్వలేరు. రాసిచ్చినా సెక్షన్ 18 కింద ఆ భాగం చెల్లదు. ఆ వాటా వసూలు కావాలంటే మీ అన్నగారు పాటల రచయితల, స్వరకర్తల కాపీరైట్ సొసైటీ అయిన ఐపీఆర్ఎస్‌లో సభ్యులై, ఈ పాటను అక్కడ నమోదు చేయాలి. సభ్యత్వం లేకపోతే చట్టంలో హక్కున్నా డబ్బు చేతికి రాదు. గాయనికి వేరే సొసైటీ ఉంది, ఇసామ్రా.

ఇంకో రెండు సంగతులు తెలిసి ఉండాలి. హక్కులు రాసిచ్చే ఒప్పందంలో ఎంతకాలమో రాయకపోతే చట్టం దాన్ని 5 ఏళ్ళుగా లెక్కిస్తుంది. ఏ ప్రాంతమో రాయకపోతే భారతదేశం వరకే. అందుకే వాళ్ళు "శాశ్వతంగా, ప్రపంచమంతటా" అని పనిగట్టుకొని రాస్తారు.

మీరు అడగాల్సింది అమ్మకం కాదు, లైసెన్స్. "వీడియో మీ ఛానెల్‌లో 3 సంవత్సరాలు, యూట్యూబ్ వరకే, ఆడియో స్ట్రీమింగ్, కాలర్ ట్యూన్లు, సినిమా వాడకం, రీమిక్స్ మావే" అని రాయించండి. ప్రకటనల ఆదాయంలో శాతం, లెక్కలు ఎన్ని నెలలకోసారి చూపిస్తారో అందులోనే ఉండాలి. ఇప్పటి ఒప్పందాల్లో "గొంతును ఏ సాంకేతికతతోనైనా పునఃసృష్టించే హక్కు" లాంటి వాక్యం కనపడితే కొట్టేయించండి. ఆ ఒక్క వాక్యంతో మీ చెల్లిగారి గొంతును ఏఐ మోడల్‌కు నేర్పించి, ఆమె లేకుండానే ఇంకో పది పాటలు చేసుకోవచ్చు. ఈ విషయంలో మొహమాటపడకండి.

కొన్న బీటు గురించి. అదే బీటు మీద ఇంకా చాలామంది పాటలు చేసి ఉంటారు. అందుకే నాన్ ఎక్స్‌క్లూజివ్ బీటున్న పాటను కంటెంట్ ఐడీలో (ఒకే ఆడియో ఉన్న వీడియోలను యూట్యూబ్ తనంతట తానే పట్టుకునే ఏర్పాటు) పెట్టడానికి వీల్లేదు. పెడితే మీ పాట వేరేవాళ్ళ వీడియోల మీద తప్పుడు క్లెయిములు వేస్తుంది, వాళ్ళవి మీ మీద వేస్తాయి. డిస్ట్రిబ్యూటర్ (పాటను స్ట్రీమింగ్ యాప్‌లకు చేర్చే సంస్థ) ఫారంలో కంటెంట్ ఐడీ గడిని ఖాళీగా వదలండి. లైసెన్స్ కాగితంలో స్ట్రీముల పరిమితి, వీడియో మానిటైజేషన్ అనుమతి చూసుకోండి. మీ మీద క్లెయిమ్ వస్తే 5 రోజుల్లోపు డిస్ప్యూట్ వేయండి. అప్పుడు క్లెయిమ్ పడ్డ మొదటిరోజు నుంచి వచ్చిన ఆదాయాన్ని యూట్యూబ్ పక్కన పెట్టి ఉంచుతుంది. అవతలివాళ్ళకు జవాబివ్వడానికి 30 రోజులు గడువు. పాట మీద నమ్మకం ఉంటే, ఒక కీబోర్డ్ ప్లేయర్‌కు డబ్బిచ్చి ఆ భాగం కొత్తగా వాయించుకోవడమే నా సలహా. డప్పు కళాకారుడితో సహా వాయించిన ప్రతి ఒక్కరి దగ్గరా ఎంత ఇచ్చారో, దేనికిచ్చారో రాసి సంతకం తీసుకోండి.

చివరిగా, పల్లవి మీ ఊళ్ళో పెద్దవాళ్ళు పాడుకునేదైతే దానికి "సేకరణ" అని వేసి, మీ అన్నగారు రాసిన చరణాలకు మాత్రమే "రచన" అని వేయండి. జనం పాటను సొంత పేరు మీద నమోదు చేసుకోవడం చట్టపరంగానూ నిలవదు, ఆ పాటను బతికించినవాళ్ళకూ అన్యాయం.

---

ఖమ్మం_పాట

చాలా థాంక్స్. పల్లవి అమ్మమ్మోళ్ళు పాడుకున్నదే, సేకరణ అనే వేస్తం. ఇంకొక్క డౌట్. అమ్మమ్మ డప్పు మీద పాడిన పాత ఫోన్ వీడియో ఉంది. అందులకెల్లి ఆమె గొంతును ఏఐతో విడదీసి పాట మొదట్ల పెట్టొచ్చా? బతుకమ్మ లోపల రిలీజ్ చెయ్యాలని ఉంది.

---

ఫేడర్_విజయవాడ

పెట్టొచ్చు. గొంతును విడదీసే డెమక్స్ అనే టూల్ ఉచితం, ల్యాప్‌టాప్‌లోనే నడుస్తుంది. వాట్సాప్‌లో తిరిగిన కాపీ కాకుండా, ఫోన్‌లో ఉన్న అసలు వీడియో నుంచి ఆడియో తీయండి. ఇలాంటి టూల్స్ డ్రమ్స్, బేస్ ఉన్న పాటల మీద నేర్చుకున్నవి. డప్పు దెబ్బ మాట మీద పడ్డచోట "స", "చ" లాంటి అక్షరాలు నీళ్ళలో మునిగినట్టు వస్తాయి. కాబట్టి పూర్తిగా విడదీసిన గొంతుకి అసలు ఆడియోను పది, పదిహేను డెసిబెల్స్ తగ్గించి కింద కలపండి, ఆ గరుకు చాలావరకు మరుగున పడుతుంది. ఎనిమిది, పది సెకన్లకు మించొద్దు. శ్రుతి మీ పాటతో కలవకపోతే అమ్మమ్మగారి గొంతును మార్చకండి, మీ పాట శ్రుతినే అటు జరపండి. అందుకని చెల్లిగారు పాడకముందే ఇది తేల్చుకోండి.

---

పాట_పత్రాలు

అమ్మమ్మగారి పేరు కూడా గాయనిగా వేయండి.

బతుకమ్మకైతే ఎంగిలిపూల రోజుకు కనీసం నాలుగు వారాల ముందు ఫైళ్ళు డిస్ట్రిబ్యూటర్‌కు చేరాలి. స్పాటిఫై ఎడిటర్లకు పాట పంపాలంటే రిలీజ్‌కు కనీసం 7 రోజుల ముందు వాళ్ళ సిస్టంలో ఉండాలి. డిస్ట్రిబ్యూటర్‌కు ఇచ్చే కవర్ 3000 పిక్సెళ్ళ చదరం ఉంటే మంచిది. ఆడియోకీ వీడియోకీ ఒకే రికార్డింగ్ వాడితే, ఛానెల్ వాళ్ళు ఆడియోను ఇంకోసారి స్ట్రీమింగ్‌కు ఎక్కించకుండా చూసుకోండి. వాళ్ళు కొత్త ఐఎస్ఆర్‌సీ కోడ్ (ఒక్కో రికార్డింగ్‌కు ఇచ్చే గుర్తింపు సంఖ్య) వేస్తే లెక్క రెండు ముక్కలవుతుంది. 2024 నుంచి స్పాటిఫైలో గడిచిన 12 నెలల్లో 1,000 స్ట్రీములు దాటని ట్రాకుకు రికార్డింగ్ రాయల్టీ రాదు. ముక్కలైతే రెండూ ఆ గీత కిందే ఉండిపోవచ్చు. ఆ గీత దాటిస్తామని స్ట్రీములు అమ్మేవాళ్ళు తగులుతారు, వాళ్ళ జోలికి పోకండి. దొంగ స్ట్రీములు పట్టుబడితే జరిమానా డిస్ట్రిబ్యూటర్ మీద పడుతుంది, వాళ్ళు దాన్ని మీ ఖాతాలో కోసుకొని పాట తీసేస్తారు.