అనిశ్చిత కాలంలో సంఘం చీలిపోకుండా మార్పును ఎలా స్వీకరించాలి?

ప్రశ్న (సంఘ కార్యదర్శి):

ప్రభువు నామంలో అందరికీ వందనాలు. 2020లో మహమ్మారి కారణంగా మందిరం తలుపులు మూసినప్పుడు మేము ఫోన్లలోనే ఆరాధన జరుపుకొన్నాం. తలుపులు తెరవగానే అందరూ తిరిగి వస్తారనుకొన్నాం గాని అలా జరగలేదు. ఉద్యోగాల కోసం కుటుంబాలు తరలిపోతున్నాయి, కానుకలు ఒక నెల ఉన్నట్టు ఇంకో నెల ఉండటం లేదు, యవ్వనస్తులు తమ కూడికకు వస్తారు గాని ఆదివారం ఆరాధనలో కనబడటం లేదు. అందుకని ఆరాధన వేళను మార్చాలనీ, వారం మధ్యలో ఇళ్లలో కూడికలు పెట్టాలనీ, రాలేనివారి కోసం ప్రత్యక్ష ప్రసారాన్ని కొనసాగించాలనీ కమిటీ ముందు ప్రతిపాదించాను. పెద్దల్లో ఒకరు లేచి, యేసుక్రీస్తు నిన్న, నేడు ఒక్కటే రీతిగా ఉన్నాడని హెబ్రీ పత్రిక చెబుతుంటే ఆయన సంఘానికి ఈ మార్పులెందుకని అడిగారు. ఆయన భక్తి నాకు తెలుసు కనుక ఎదురు చెప్పలేకపోయాను. ఇలాంటి పరిస్థితిని దాటివచ్చిన వారు మార్గం చెప్పగలరా?

జవాబు 1 (ఒక కాపరి):

సహోదరా, ఆ పెద్దాయన చెప్పిన వచనం క్రీస్తును గురించినది, మన గడియారాన్ని గురించినది కాదు. అదే 13వ అధ్యాయంలో ఆరు వచనాలు దాటితే, నిలువరమైన పట్టణం మనకిక్కడ లేదని రాసి ఉంది. ఆ రెండు మాటలనూ కలిపి చదివితేనే సంఘం దేనిని పట్టుకోవాలో, దేనిని వదులుకోవచ్చో బోధపడుతుంది. మోషే చేసిన ఇత్తడి సర్పం దేవుడు చేయమన్నదే, పాము కరిచినవారు దానిని నిదానించి చూసి బ్రదికారు. అయినా కొన్ని వందల ఏళ్ల తర్వాత జనులు దానికే ధూపం వేయసాగినప్పుడు హిజ్కియా రాజు దానిని ముక్కలు చేశాడు. ఒకప్పుడు మేలు చేసిన పద్ధతి కూడా కాలక్రమంలో విగ్రహమయ్యే ప్రమాదం ఉందని నేను ఆ వృత్తాంతం నుండి నేర్చుకొన్నాను.

అయితే వచనం సరిగా చెప్పగలిగినంత మాత్రాన మార్పును సరిగా చేస్తామని కాదు. కొన్నేళ్ల క్రితం నేను ఆరాధనను గంటన్నర ముందుకు జరిపి, ఆ సంగతిని ఒకే ఒక్క ఆదివారం చివరి ప్రార్థనకు ముందు ప్రకటించి ఊరుకొన్నాను. ఆ రోజు జ్వరంతో ఇంట్లో ఉండిపోయిన ఒక వృద్ధురాలు మరుసటి ఆదివారం పాత వేళకే వచ్చారు. అప్పటికి ఆరాధన ముగిసి, అందరూ వెళ్లిపోయి, గేటుకు తాళం పడింది. గుడ్డలో చుట్టుకొన్న బైబిలును గుండెకు హత్తుకొని ఆమె చాలాసేపు అక్కడే నిలబడ్డారని ఎదురింటివారు చెబితే తెలిసింది. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు గాని ఆ తర్వాత చాలాకాలం మందిరానికి రాలేదు. నేను తెచ్చిన మార్పు మంచిదే, తెచ్చిన తీరే ఆమెను బయట నిలబెట్టింది.

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం చూడండి. అనుదిన పరిచర్యలో తమ విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని గ్రీకు భాష మాట్లాడే యూదులు సణిగారు. అపొస్తలులు వారిని గద్దించలేదు, ఏడుగురిని ఏర్పరచుకొమ్మని సంఘానికే అప్పగించారు. స్తెఫను మొదలుకొని నీకొలాసు వరకు ఆ ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. నొప్పి ఎవరిదో వారి చేతికే పని అందిందని నాకు అనిపిస్తుంది. కాబట్టి ఆ పెద్దాయనను ఒప్పించే ప్రయత్నం మాని, మొదటి గృహ కూడికను ఆయన ఇంట్లోనే జరపమని అడగండి.

జవాబు 2 (కోశాధికారి):

కానుకలు తగ్గినప్పుడు చాలా సంఘాలు మొదట పేదల సహాయాన్ని తగ్గిస్తాయి, ఎందుకంటే దానిని గురించి అడిగేవారుండరు. దయచేసి ఆ పని చేయకండి. లెక్కలను నెలనెలా సంఘం ముందు చదివితే, ఏది ఆపాలో విశ్వాసులే చెబుతారు. ప్రత్యక్ష ప్రసారం విషయంలో ఒక హెచ్చరిక: ఇంటినుండి చూసేవారి లెక్క పెరిగిందని సంతోషించి, వారి గడప తొక్కడం మానేసిన సంఘాన్ని నేను దగ్గరగా చూశాను. రెండో శతాబ్దంలో జస్టిన్ మార్టర్ అనే క్రైస్తవ రచయిత ఆదివారపు ఆరాధనను వివరిస్తూ, హాజరు కాలేనివారికి పరిచారకులు రొట్టెను తీసుకువెళ్లి ఇచ్చేవారని రాశాడు. రాలేనివారిని కూడా ప్రభువు బల్లలో పాలివారిగానే ఎంచారు గాని ప్రేక్షకులుగా ఎంచలేదు.

జవాబు 3 (స్త్రీల కూడిక సభ్యురాలు, 71 ఏళ్లు):

బాబూ, పెద్దల తరఫున నేను ఒక మాట చెబుతాను. మా మందిరంలో పాటల పుస్తకాలు తీసేసి తెర పెట్టినప్పుడు నేను ఇంటికి వెళ్లి ఏడ్చాను. నా పుస్తకంలో కొన్ని పాటల పక్కన నా భర్త పెన్సిలుతో తారీఖులు రాసుకొన్నారు: మా వివాహం రోజు పాడినది, మా అబ్బాయి బాప్తిస్మం రోజు పాడినది. తెర మీద ఆ తారీఖులు లేవు. ఎజ్రా గ్రంథం 3వ అధ్యాయంలో, యెరూషలేములో రెండో మందిరానికి పునాది వేసినప్పుడు మొదటి మందిరాన్ని చూసిన వృద్ధులు గొప్ప శబ్దంతో ఏడ్చారనీ, ఇతరులు సంతోషంతో కేకలు వేశారనీ, ఏది ఏ శబ్దమో జనులకు తెలియలేదనీ ఉంది. అక్కడ ఏడ్చినవారిని ఎవరూ పని నుండి వెళ్లగొట్టలేదు. మేము ఏడిస్తే మార్పుకు అడ్డుపడుతున్నామని వెంటనే అనుకోకండి. ఇప్పుడు నేను ఆ పాత రాగాలను శనివారం సాయంత్రాలు క్వయర్ పిల్లలకు నేర్పుతున్నాను. వారు తెర చూసి పాడుతారు, నేను పుస్తకం చూసి పాడుతాను.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. వచ్చే కమిటీకి ముందే ఆ పెద్దాయన ఇంటికి వెళ్తాను, ఈసారి ప్రతిపాదనలు పట్టుకొని కాదు, ఆయన మాట వినడానికి. అయ్యగారూ, ఆరాధన వేళ మార్చవలసి వస్తే ఎంతకాలం పరీక్షించి చూడాలి?

జవాబు 1 (ఒక కాపరి):

మూడు నెలలు చాలు, ఆ తర్వాత కొనసాగించాలా వద్దా అన్నది సంఘమంతా కలిసి తేల్చుకోవాలి. దానికి ముందు కనీసం మూడు ఆదివారాలు ప్రకటించండి, రానివారి ఇళ్లకు మనిషిని పంపి చెప్పించండి. మొదటి నెలంతా, ఆరాధన అయిపోయినా సరే, పాత వేళకు ఎవరో ఒకరు గేటు తీసి అక్కడ నిలబడి ఉండేలా చూడండి.