డాక్యుమెంటరీలో కెమెరా ఎత్తును, కట్‌ను ఎలా విశ్లేషించాలి?

ప్రశ్న: ఉదయసముద్రం (నల్లగొండ)

అందరికీ నమస్కారం. నేను నల్లగొండలో డిగ్రీ మూడో సంవత్సరం చదువుతున్నాను. జర్నలిజం నా సబ్జెక్టుల్లో ఒకటి. ఒక షార్ట్ ఫిల్మ్‌ను, ఒక డాక్యుమెంటరీని తీసుకొని, వాటిలో వాడిన చిత్రీకరణ పద్ధతులను విశ్లేషిస్తూ ఈ సెమిస్టర్‌లో ఒక వ్యాసం రాయాలి. షార్ట్ ఫిల్మ్‌గా సత్యజిత్ రాయ్ 1964లో మాటలు లేకుండా తీసిన ‘టూ’ను ఎంచుకున్నాను. డాక్యుమెంటరీగా మా సీనియర్లు మర్రిగూడ మండలంలోని ఒక ఊరికి వెళ్లి ఫ్లోరోసిస్ (నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు, పళ్లు దెబ్బతినే జబ్బు) బాధితుల మీద తీసిన 14 నిమిషాల చిత్రాన్ని తీసుకున్నాను. అది బయట ఎక్కడా పెట్టలేదు, మా విభాగంలోని కంప్యూటర్‌లో మాత్రమే ఉంది.

డాక్యుమెంటరీని ఆపి ఆపి చూస్తూ షాట్లన్నీ లెక్కపెట్టాను. మొత్తం 70 షాట్లు ఉన్నాయి. ఏది క్లోజప్, ఏది లాంగ్ షాట్, ఎక్కడ కెమెరా కదిలింది, ఎక్కడ వాయిస్ ఓవర్ (తెర మీద కనబడని మనిషి చెప్పే వ్యాఖ్యానం) వచ్చింది అన్నది పట్టికగా వేసి, దాని మీద పదకొండు పేజీలు రాసి ఇచ్చాను. మా మేడమ్ నాలుగు చోట్ల మార్జిన్‌లో “అయితే ఏమిటి?” అని మాత్రమే రాసి తిరిగి ఇచ్చారు. చిత్రంలో కనిపించే ఒక అవ్వ గురించి “క్లోజప్ వల్ల అవ్వ బాధ మనకు దగ్గరగా తెలుస్తుంది” అని నేను రాసిన వాక్యం పక్కన కూడా అదే మాట ఉంది. ఆ వాక్యంలో తప్పేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఇంకొక సందేహం కూడా ఉంది. కథా చిత్రంలో దర్శకుడు ఫ్రేమ్‌లోని ప్రతి వస్తువునూ తానే అమర్చుకుంటాడు కాబట్టి మీజాన్‌సెన్ (ఫ్రేమ్‌లో కనబడేవాటి అమరిక) గురించి రాయవచ్చు. ఉన్నదాన్ని ఉన్నట్టు తీసే డాక్యుమెంటరీకి ఆ మాట వర్తిస్తుందా? దయచేసి తెలిసినవారు వివరించగలరు.

జవాబు: కోయిల్‌సాగర్ (మహబూబ్‌నగర్)

అమ్మా, నేను చాలా ఏళ్లు ఇదే పాఠం చెప్పి విశ్రాంతి తీసుకున్నవాడిని. మార్జిన్‌లో ఆ మాట రాసి మీ మేడమ్ మీకు మేలే చేశారు. మీ వాక్యంలో తప్పు లేదు, కానీ ఏ సినిమాలోని ఏ క్లోజప్‌కైనా దాన్ని అతికించవచ్చు. అది ఆ అవ్వ గురించీ చెప్పదు, ఆ షాట్ గురించీ చెప్పదు.

నేను పిల్లలకు చెప్పిన పద్ధతి ఒకటుంది. ఒక షాట్ గురించి రాసే ముందు, అదే చోట దర్శకుడు పెట్టగలిగి ఉండీ పెట్టని ఇంకొక షాట్‌ను మనసులో ఊహించుకొని రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. అప్పుడు ఏది పోతుంది, ఏది వస్తుంది అన్నది రాస్తే అదే విశ్లేషణ అవుతుంది.

‘టూ’నే తీసుకోండి. ధనికుల పిల్లవాడు పై అంతస్తు కిటికీలోంచి కిందనున్న గుడిసె పిల్లవాణ్ని చూస్తాడు, కింది పిల్లవాడు తలెత్తి కిటికీ వైపు చూస్తాడు. పై నుంచి తీసిన షాట్లో గుడిసె పిల్లవాడు చుట్టూ ఖాళీ నేలతో చిన్నగా కనిపిస్తాడు. ఇద్దరినీ సమాన ఎత్తులో తీసి ఉంటే కథ ఇద్దరు పిల్లల మధ్య బొమ్మల పోటీగా మిగిలిపోయేది. ఎత్తు తేడా వల్ల ఆ పోటీలో మొదటినుంచీ ఒకరిది పైచేయి అని ఒక్క మాట లేకుండా తెలుస్తుంది. ఎయిర్ గన్‌తో కింది పిల్లవాడి గాలిపటాన్ని కూల్చేది కూడా ఆ కిటికీ నుంచే. చివర్లో కింది పిల్లవాడి వేణువు మళ్లీ వినిపిస్తుంది. చూపు పై నుంచి కిందికి దిగితే, పాట కింది నుంచి పైకి ఎక్కుతుంది. మీరు కెమెరా కోణాన్నీ ధ్వనినీ వేర్వేరు శీర్షికల కింద రాస్తే ఈ సంగతి జారిపోతుంది.

ఇప్పుడు మీ డాక్యుమెంటరీకి వద్దాం. ‘టూ’లో పై నుంచి చూసే చూపు కథలోని పిల్లవాడిది. డాక్యుమెంటరీలో పై నుంచి చూసే చూపు ఎవరిది? అక్కడ కిటికీ లేదు, పాత్ర లేదు, తీసినవారే ఉన్నారు. ఎముకల ఫ్లోరోసిస్‌తో వెన్ను వంగిపోయిన మనిషి ముందు, నిలబడ్డ మనిషి భుజం ఎత్తున ట్రైపాడ్ పెడితే, తీసేవారి ఉద్దేశం ఎంత మంచిదైనా, ఆ కెమెరా ఆ మనిషి నడినెత్తినీ వంగిన వీపునే చూస్తుంది. ట్రైపాడ్ కాళ్లు దించి నేల మీద కూర్చుంటే ముఖం కనబడుతుంది, ముఖం వెనక ఆకాశమో ఇంటి గోడో కనబడుతుంది. మొదటిది రోగాన్ని చూపుతుంది, రెండోది రోగంతో బతుకుతున్న మనిషిని చూపుతుంది. మీ 70 షాట్లలో అవ్వ కనిపించే షాట్లను ఏరి, కెమెరా ఆమె కంటికి పైన ఉందా, సమంగా ఉందా అని మాత్రం చూడండి. మీ వ్యాసం అక్కడి నుంచే మొదలుకావచ్చు.

మీజాన్‌సెన్ సందేహానికి సూటిగా జవాబు: వర్తిస్తుంది. అమెరికా దర్శకుడు రాబర్ట్ ఫ్లాహర్టీ ఒక ఇన్యూట్ కుటుంబం మీద, 1922లో విడుదలైన ‘నానూక్ ఆఫ్ ది నార్త్’ తీసినప్పుడు మామూలు ఇగ్లూలో (మంచు ఇంట్లో) కెమెరాకు చోటూ వెలుతురూ చాలలేదు. అందుకని పెద్ద ఇగ్లూను కట్టించి, ఒక పక్క తెరిచి ఉంచి, ఆ చలిలోనే కుటుంబం నిద్రలేచే దృశ్యం తీశారు. ఆయన తర్వాతి చిత్రం ‘మోనా’ గురించి బ్రిటిష్ విమర్శకుడు జాన్ గ్రియర్సన్ 1926లో రాసిన సమీక్షతోనే ‘డాక్యుమెంటరీ’ అనే మాట ఈ అర్థంలో వాడుకలోకి వచ్చింది. అంటే ఆ పేరు పుట్టకముందే అమరిక ఉంది. అవ్వను అరుగు మీద కూర్చోబెట్టాలా, ఇంట్లో మంచం మీద కూర్చోబెట్టాలా, వెనక బిందెలు కనబడాలా వద్దా అని నిర్ణయించిన ప్రతిసారీ మీ సీనియర్లు చేసిన పని కూడా అదే.

వెలుతురు గురించి రాయాలంటే మీ ఊరి పక్కనే మంచి పాఠం ఉంది. పానగల్లులోని ఛాయా సోమేశ్వరాలయానికి ఒక పూట వెళ్లండి. గర్భగుడిలో పడే స్తంభపు నీడ, సూర్యుడు జరుగుతున్నా తాను జరగదు. లోపలికి వచ్చేది నేరుగా పడే ఎండ కాదు, స్తంభాల సందుల్లోంచి చెదిరి వచ్చే వెలుగు. ఒక గంట అక్కడ కూర్చొని నీడ అంచు ఎంత మెత్తగా ఉందో చూసిన తర్వాత, మీ చిత్రంలో గుమ్మం దగ్గర తీసిన ఇంటర్వ్యూను మళ్లీ చూడండి. ముఖం మీద పడే వెలుగు నేరుగా వచ్చిందా, వాకిలి నేల మీద పడి పైకి లేచి వచ్చిందా అని మీ కన్నే అడుగుతుంది.

జవాబు: దిండి (దేవరకొండ)

నేను హైదరాబాద్‌లో ఎడిటింగ్ పని చేస్తున్నాను. సార్ కెమెరా గురించి చెప్పారు కాబట్టి నేను కట్ (ఒక షాట్ ఆగి ఇంకొకటి మొదలయ్యే చోటు) గురించి, ధ్వని గురించి మాత్రమే రాస్తాను.

చెల్లెమ్మా, 14 నిమిషాలంటే 840 సెకన్లు. 70 షాట్లతో భాగిస్తే ఒక్కో షాట్ సగటున 12 సెకన్లు వస్తుంది. ఈ సగటును వ్యాసంలో పెట్టి ఊరుకుంటే మీ మేడమ్ మళ్లీ అదే మాట రాస్తారు. చిత్రాన్ని ముక్కలుగా విడగొట్టి లెక్కపెట్టండి. మొదటి అయిదు నిమిషాల్లో ఎన్ని షాట్లు, మిగతా తొమ్మిది నిమిషాల్లో ఎన్ని అని చూడండి. చిత్రం ఎక్కడ తొందరపడింది, ఎవరి దగ్గర ఆగింది అన్నది అప్పుడు బయటపడుతుంది.

ఆగడం ఎందుకు ముఖ్యమో ఒక ఉదాహరణతో చెబుతాను. నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించడానికి పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపే పద్ధతికి మన జిల్లా పేరు మీదే ‘నల్లగొండ టెక్నిక్’ అని పేరు వచ్చిన సంగతి మీకు తెలుసు. నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) దాన్ని రూపొందించింది. దీన్ని చిత్రంలో చూపాలంటే రెండు దారులు ఉన్నాయి. పటిక వేయడం, కలపడం, తేట నీరు అని మూడు షాట్లు మూడేసి సెకన్లు పెట్టి, పైన వాయిస్ ఓవర్ నడిపించవచ్చు. అప్పుడు చూసేవారికి ఇది సులువైన పని అన్న భావం కలుగుతుంది. అదే బకెట్ మీద కెమెరా నిలిపి, మడ్డి పొరలు పొరలుగా అడుక్కి దిగడాన్ని ముప్పై సెకన్లు కోయకుండా ఉంచితే, దాహం వేసిన ఇంట్లో ప్రతిరోజూ ఈ ఎదురుచూపు ఉంటుందని కడుపులో తెలుస్తుంది. సమాచారం రెండింటిలోనూ ఒకటే, మారింది నిడివి మాత్రమే.

ధ్వనిని కూడా ఇలాగే చూడండి. తెర మీద బొమ్మ కంటే ముందు దాని శబ్దం మొదలైతే దాన్ని జె-కట్ అంటాము. అవ్వ మాట్లాడుతుండగానే బోరింగు కిర్రుమనే చప్పుడు వినిపించి, ఆ తర్వాత బోరింగు కనబడితే, ఆమె మాటకూ ఆ నీటికీ ఉన్న సంబంధాన్ని వాయిస్ ఓవర్ విడిగా చెప్పనక్కరలేదు. వాయిస్ ఓవర్ అసలు వద్దని నేను అనడం లేదు. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించకూడదన్న సంగతిని ఏ బొమ్మా చెప్పలేదు. అది మాటగానో అక్షరంగానో రావాలి. బొమ్మకు చేతకాని పనిని వాయిస్ ఓవర్ చేస్తోందా, బొమ్మ చేస్తున్న పనినే మళ్లీ చేస్తోందా అన్నది మీరు తేల్చాలి.

ఒక మనవి. చిత్రంలో సబ్‌టైటిల్స్ ఉంటే వాటిని వదిలిపెట్టకండి. అవి తెలుగు నుంచి తెలుగుకే అయినా సరే. “గీ నీళ్లు తాగినంకనే కాళ్లు వంకర వోయినయ్” అని ఒక మనిషి అంటుంటే, కింద “ఈ నీరు తాగిన తర్వాతే కాళ్లు వంకరపోయాయి” అని అక్షరాలు వస్తే, ఆమె మాట చాలదని చిత్రమే అన్నట్టు అవుతుంది. ఎడిటింగ్ టేబుల్ దగ్గర దీని గురించి నేను చాలాసార్లు వాదించాను, ఇక మీదట కూడా వాదిస్తాను.

జవాబు: వేపచెట్టు (మర్రిగూడ)

నేను సినిమా చదువు చదవలేదు. కానీ మా మండలానికి కెమెరాలు రావడం చిన్నప్పటినుంచీ చూస్తున్నాను. మా పెద్దమ్మను కనీసం నాలుగు బృందాలు తీశాయి. అందులో ఒక బృందం వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. ఆమె బోరింగు దగ్గర నుంచి బిందెతో ఇంటికి వచ్చింది. “ఇంకోసారి రా అమ్మా, ఈసారి ముందు నుంచి తీస్తాం” అన్నారు. మోకాళ్లు వంగని మనిషి, నిండు బిందెతో మళ్లీ వెనక్కి వెళ్లి మళ్లీ వచ్చింది. అడిగినవారు చెడ్డవారు కారు, నీళ్లు కూడా వారే మోసి లోపల పెట్టారు. కానీ తర్వాత చిత్రం చూసినప్పుడు నాకు ఆ రెండో నడక ఒక్కటే కనిపించింది.

అందుకని నేను అడిగేది ఇదే. మీరు రాసే విశ్లేషణలో, ఒక షాట్ తీయడానికి తెర మీది మనిషి ఏమి చేయవలసి వచ్చిందో రాయడానికి చోటు ఉందా?

జవాబు: దిండి (దేవరకొండ)

అన్నా, తప్పకుండా ఉంది. దాన్ని చిత్రం లోపలి నుంచే పట్టుకోవచ్చు కూడా. ఒక మనిషి నడుస్తుండగా వెనక నుంచి ఒక షాట్, ఆ నడక తెగకుండా వెంటనే ముందు నుంచి ఇంకొక షాట్ వస్తే, కదలిక మీద కట్ చేశారని అంటాము. కథా చిత్రంలో ఇది రోజూ చేసే పని, అక్కడ నటులు ఎన్నిసార్లయినా నడుస్తారు. డాక్యుమెంటరీలో ఒకే కెమెరా ఉన్నప్పుడు ఆ కట్ కనిపించిందంటే, సాధారణంగా ఆ మనిషి రెండుసార్లు నడిచినట్టే. కట్ ఎంత నునుపుగా ఉంటే రెండో నడక అంతగా దాగిపోతుంది.

ఉదయసముద్రం (నల్లగొండ)

అందరికీ కృతజ్ఞతలు. నిన్న మధ్యాహ్నం విభాగంలో కూర్చొని చిత్రాన్ని మళ్లీ చూశాను.

దిండి అన్న చెప్పినట్టు విడగొట్టి లెక్కపెడితే, మొదటి అయిదు నిమిషాల్లో 41 షాట్లు, అంటే ఒక్కోటి సుమారు ఏడు సెకన్లు ఉన్నాయి. మిగతా తొమ్మిది నిమిషాల్లో 29 షాట్లే ఉన్నాయి, ఒక్కోటి 18 సెకన్లు దాటింది. వేగంగా నడిచిన భాగమంతా ట్యాంకులు, బోర్డులు, వాయిస్ ఓవర్. నెమ్మదించినది అవ్వ ఇంటికి చేరిన తర్వాతే. అవ్వ కనిపించే షాట్లు 17 ఉన్నాయి. వాటిలో ఆరు మొదటి భాగంలోనే ఉన్నాయి, ఆరింటిలోనూ కెమెరా ఆమె కంటికి పైనే ఉంది. ఇంటికి చేరిన తర్వాతి 11 షాట్లలో ఒక్కటి తప్ప అన్నింటిలోనూ కెమెరా కిందికి దిగింది. మా సీనియర్లు దీన్ని ముందే అనుకొని చేశారా, లేక ఆమెతో పాటు నేల మీద కూర్చొని మాట్లాడుతూ అలా దిగిపోయారా అని వారిని అడగబోతున్నాను.

వేపచెట్టు అన్నా, ఆ ఒక్క షాట్ గురించి మీకు చెప్పాలి. అవ్వ బిందెతో ఇంటికి వచ్చే దృశ్యం ఈ చిత్రంలో కూడా ఉంది. వెనక నుంచి తీసిన షాట్లో ఆమె గడప ముందుకు వస్తుంది, అక్కడ బండ పొడిగా ఉంది. వెంటనే ఇంటి లోపలి నుంచి, నిలబడి తీసిన షాట్ వస్తుంది. ఆమె ఇంకా గడప దాటలేదు, కాలు గాలిలోనే ఉంది, కానీ గడప లోపలి బండ మీద నీళ్లు అప్పటికే ఒలికి ఉన్నాయి, తడి అడుగు ఒకటి స్పష్టంగా కనబడుతోంది. ఇన్నిసార్లు చూసినా ఆ తడి నాకు కనబడలేదు. నా పట్టికలో ఆ చోట “57, 58: మీడియం షాట్, సాఫీ కట్” అని మాత్రమే రాసి ఉంది.

ఇప్పుడు దీన్ని తప్పు పట్టినట్టుగా రాయాలా, లేక ఎలా రాయాలో తెలియడం లేదు. నాకు మా సీనియర్ల మీద గౌరవం ఉంది.

కోయిల్‌సాగర్ (మహబూబ్‌నగర్)

అమ్మా, తీర్పు రాయవద్దు, కనబడినదాన్ని కనబడిన వరసలో రాయండి. పొడి బండ, కట్, తడి బండ, గాలిలో ఉన్న కాలు. ఆ తర్వాత ఆ కట్ లేకుండా, ఆమె వెనక నుంచే గడప దాటి చీకట్లోకి వెళ్లిపోయే ఒక్క షాట్ ఉండి ఉంటే చిత్రం ఏమి పోగొట్టుకునేదో, ఆమెకు ఏమి మిగిలేదో రాయండి. సీనియర్లను అడిగినప్పుడు వారు చెప్పిన జవాబును కూడా చేర్చండి. ఆ పేరాను వ్యాసం మొదట్లోనే పెట్టండి, పట్టిక చివరకు వెళ్లినా ఫరవాలేదు.