చెక్ఇన్ అయ్యాక నాన్న సీటు వెనక్కి, నా సీటు ముందుకి. ఎందుకిలా?

ఐల్ సీటు:

పోయిన వారం జరిగింది. మనసులోంచి పోవట్లేదు, అందుకే అడుగుతున్నా.

నాన్నకి 74. నిరుడు కుడి మోకాలి చిప్ప మార్పించాం. కాలు మడిచి ఎక్కువసేపు కూర్చోలేరు. కుడికాలు నడవాలోకి చాపుకోవచ్చని డబ్బు కట్టి మరీ 12సీ తీసుకున్నా. పక్కన 12బి నాది. 24 గంటల ముందు ఆన్‌లైన్ చెక్ఇన్ తెరవగానే చేసేసి, ఇద్దరి పాస్‌లూ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నా.

గేట్ దగ్గర నాన్న వీల్‌చైర్‌ని ముందు పంపారు. మెషిన్ కుయ్యిమంది. చేతికో చిన్న కాగితం: 27ఇ. మధ్య సీటు. నాది పెడితే మళ్లీ కుయ్యిమంది. నాకేమో 2ఏ, బిజినెస్‌లో.

నేను అడగలేదు, పై తరగతి కోసం బిడ్ వేయలేదు. "నా సీటు ఆయనకిచ్చేయండి" అంటే గేట్ దగ్గరి అమ్మాయి "లోపల క్రూని అడగండి" అంది. లోపల అడిగితే "తలుపులు మూసేస్తున్నారండీ, ఇప్పుడు మార్చలేం" అన్నారు. అందరి ముందూ గొడవెందుకని నాన్న "నువ్వెళ్లి కూర్చోవే" అని కళ్లతోనే గదమాయించారు. ఐదు గంటలు. నేను కాళ్లు చాపుకుని, ఆయన ముడుచుకుని. మూడుసార్లు కర్టెన్ దాటి వెళ్లి చూసొచ్చా. దిగాక ఆయన మొదటి మాట: "నీకు మంచి దుప్పటి ఇచ్చారా?"

చెక్ఇన్ అయిపోయాక కూడా ఇలా మార్చేయొచ్చా? ఆ సీటు ఆయనకి ఇప్పించే దారి ఉండేదా? వచ్చే ఆదివారం తిరుగు ప్రయాణం, మళ్లీ ఇదే భయం.

కిటికీ పక్క:

మార్చొచ్చు. టికెట్ షరతుల్లోనే ఫలానా సీటుకి హామీ లేదని ఉంటుంది, మనమే చదవం. అయినా ఊరుకోకండి. యూరప్ విమానమైతే 261/2004 నిబంధన కింద టికెట్‌లో 75 శాతం వెనక్కి అడగండి.

గేట్ డ్యూటీ రిటైర్డ్:

నేను 11 ఏళ్లు గేట్ దగ్గర పనిచేసి మానేసినవాణ్ని. ముందు మూడు సంగతులు చెప్పండమ్మా. బుక్ చేసినప్పుడు ఏ విమానం చూపించింది, వచ్చింది ఏది? మీ ఇద్దరిదీ ఒకే పీఎన్ఆరా? మీకు ఆ సంస్థ సభ్యత్వ కార్డు ఉందా?

ఐల్ సీటు:

టికెట్ మెయిల్లో ఎయిర్‌బస్ ఎ321 అని ఉంది. ట్రాకింగ్ సైట్‌లో ఆ రోజు చూస్తే ఎ320! గమనించనే లేదు. పీఎన్ఆర్‌లు వేరు, నా టికెట్ ముందు కొన్నా, నాన్న వస్తానన్నది రెండు వారాల తర్వాత. కార్డు ఉంది, సిల్వర్.

గేట్ డ్యూటీ రిటైర్డ్:

అయితే దొంగ దొరికాడు.

పాతరకం ఎ321కి రెక్కల మీద అత్యవసర ద్వారాలు ఉండవు. రెక్కకి ముందొక జత, వెనకొక జత మామూలు తలుపులే ఉంటాయి. ఎ320కి రెక్కల మీద చెరోపక్క రెండేసి చిన్న ద్వారాలు ఉంటాయి. 12వ వరుస చాలా సంస్థల ఎ320లో సరిగ్గా అక్కడికే వస్తుంది. అక్కడ కూర్చున్నవాళ్లు అవసరమైతే ఆ తలుపు ఎత్తి తీయగలగాలి. మీ నాన్నగారి బుకింగ్‌లో వీల్‌చైర్ కోడ్ ఉంది కదా, బహుశా డబ్ల్యూసీహెచ్ఆర్, అంటే మెట్లెక్కగలరు కానీ దూరం నడవలేరని. ఆ కోడ్ ఉన్నవాళ్లని ఎగ్జిట్ వరుసలో ఉంచకూడదు. విమానం మారగానే సిస్టమ్ ఆయన్ని అక్కణ్నుంచి లేపి, మిగిలిన ఖాళీల్లో ఎక్కడ దొరికితే అక్కడ పడేసి ఉంటుంది. మోకాలు బాగోలేదని చెప్పిన కోడే ఆయన్ని మధ్య సీట్లోకి నెట్టింది. రాస్తుంటే నాకే చిరాగ్గా ఉంది.

మీది వేరే లెక్క. ఎ320 పొట్టిది, వరుసలు తక్కువ. ఎకానమీ చాలక, బిజినెస్‌లో ఖాళీ ఉంటే కొందరిని పైకి తోస్తాం. మా భాషలో ఆప్-అప్. మంచి చొక్కా వేసుకుని నవ్వుతూ అడిగితే ఇస్తారనేది ఉత్త మాట. కార్డునీ, టికెట్ కొన్న ధర తరగతినీ బట్టి పేర్ల జాబితా సిస్టమే పైకి తెస్తుంది. ఒంటరి పీఎన్ఆర్ అయితే ఇంకా సులువు, ఎవర్నీ విడదీశామన్న బాధ ఉండదు. తండ్రీకూతుళ్లని మీకు తెలుసు. సిస్టమ్‌కి మీరిద్దరూ ఎవరికెవరో.

ఇక ఆ సీటు ఆయనకి ఇప్పించడం. కుదిరేదే. సంస్థకి కావలసింది ఎకానమీలో ఒక మనిషి తగ్గడం. మీరు వెళ్లినా ఆయన వెళ్లినా వాళ్లకి ఒకటే. నేను అలా చాలాసార్లు మార్చాను. కానీ ఎక్కడం మొదలవకముందే డెస్క్ దగ్గరికి రావాలి. పాస్ స్కానై "బోర్డెడ్" అని పడ్డాక ఇద్దర్నీ వెనక్కి తీసి, సీట్లు మార్చి, మళ్లీ ఎక్కించాలి. వెనక నలభై మంది నిలబడి ఉంటే ఆ అమ్మాయి చేయదు. "లోపల క్రూని అడగండి" అన్నది మేం వదిలించుకోవడానికి వాడే మాట. నేనూ వాడాను, అబద్ధమెందుకు.

సీటుకి కట్టిన డబ్బు మాత్రం అడగండి. టికెట్ నంబరుతో కాదు, ఈఎండీ నంబరుతో. సీటు కొన్న రసీదు నంబరే అది, 13 అంకెలుంటాయి, మొదటి మూడూ సంస్థవి. 27ఇ కాగితం పారేయలేదు కదా?

పై మిత్రుడికి: ఆ 261/2004లో 30, 50, 75 శాతాలు 10వ అధికరణంలోవి, తరగతి దిగిపోతే దూరాన్ని బట్టి ఇచ్చేవి. 75 అన్నిటికీ కాదు. ఐల్ నుంచి మధ్యకి మారడం దాని లెక్కలోకే రాదు. వాళ్లంతట వాళ్లు పై తరగతిలో కూర్చోబెడితే అదనంగా డబ్బు అడగకూడదని కూడా అందులోనే ఉంది, ఆ మాటెవరూ చెప్పరు.

8ఏ బాధితుడు:

స్క్రీన్‌షాట్ పాపం నేనూ చేశాను. యాప్‌లో నా సీటు మారిపోయి ఉంది, నేను ఫొటో చూసుకుంటూ 8ఏలో దర్జాగా కూర్చున్నా. ఒకావిడ వచ్చి తన కాగితం చూపించింది. గేట్ దగ్గర ఇచ్చిన స్లిప్ నా జేబులోనే ఉంది, చదవలేదంతే! ఫొటో మారదు కదండీ, యాప్‌లోది మారుతుంది. చెక్ఇన్ అయ్యాక కూడా నాలుగైదుసార్లు యాప్ తెరవండి. సీటు మారిందని ముందే తెలిస్తే మ్యాప్‌లో ఖాళీగా ఉన్న ఇంకో ఐల్ మీరే పట్టుకోవచ్చు. గేట్ దాకా వచ్చాక మిగిలేవి మధ్యవే.

ఐల్ సీటు:

27ఇ కాగితం నాన్న చొక్కా జేబులో దొరికింది, మడతలు పడి. ఆ విమానం రోజు ఉదయం ఆరింటికే యాప్‌లో నోటిఫికేషన్ వచ్చి ఉంది, ఇప్పుడు చూశా. నా తప్పూ ఉంది. రెండు పీఎన్ఆర్‌లూ కలిపి ఒకటి చేయించుకోవచ్చా?

గేట్ డ్యూటీ రిటైర్డ్:

విడివిడిగా కొన్నవి ఒకటి కావు. కానీ ఫోన్ చేసి "ఇద్దరం కలిసి వెళ్తున్నాం, రెండిట్లోనూ ఒకదాని నంబరు ఇంకోదాంట్లో రాయండి" అనండి. టీసీపీ అనే గుర్తు వేస్తారు. దాన్ని సిస్టమ్ పట్టించుకోకపోయినా, చూసే మనిషి పట్టించుకుంటాడు. ఎగ్జిట్ వరుసల దగ్గర్లో మాత్రం తీసుకోకండి, విమానం మారితే మళ్లీ అదే కథ. ముందువైపు 7, 8 మేలు.

ఐల్ సీటు:

ఆదివారం వచ్చేశాం. ఫోన్‌లో 22 నిమిషాలు పట్టింది కానీ టీసీపీ వేశారు. 7సీ, 7బి. ఉదయం నుంచి యాప్ ఎన్నిసార్లు తెరిచానో లెక్కలేదు. గేట్ తెరవకముందే డెస్క్ దగ్గరికి వెళ్లి నిలబడ్డా, "ఏం మారలేదండీ" అన్నాడు ఆ అబ్బాయి, కొంచెం విసుగ్గా. వచ్చింది ఎ321నే. ఈఎండీ డబ్బు ఇంకా రాలేదు, "పరిశీలనలో" అని ఉంది.

నాన్న కాలు చాపుకుని కూర్చున్నారు. బెల్టు పెట్టుకుంటూ నా వైపు చూసి, "ఈసారి కుయ్యిమనలేదేమే?" అన్నారు, కాస్త నిరాశగానే.