సమస్య: గుండె లేనివాడు కుమిలి యేడ్చె

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. ముందు మూడు పాదాలు మీరు రాసి పూరించాలి. పూరణ ఆజ్ కథలోని రేకుమనిషి చుట్టూ తిరగాలి. డొరతీ అనే పాప, దిష్టిబొమ్మ, రేకుమనిషి, సింహం తలా ఒక కోరికతో మాంత్రికుడుండే పచ్చల నగరానికి వెళ్లే కథ అది. ఎల్. ఫ్రాంక్ బామ్ 1900లో రాసిన పుస్తకమైనా సరే, 1939 నాటి సినిమా అయినా సరే. ఏది తీసుకున్నారో చెప్పండి. రెండూ కలిపి కిచిడీ చేయకండి.

కొత్తగొంతు:
పుస్తకం నుంచి. తొలి ప్రయత్నం, తప్పులుంటే మన్నించండి.

కాలి కింద నలిగి కన్ను మూసె పురుగు
రేకుమనిషి కనులు చెమ్మగిల్లె
తుప్పు పట్టె దవడ తోటివా రెరుగరు
గుండె లేనివాడు కుమిలి యేడ్చె

పాతచింత:
అమ్మా, ఘట్టం బాగా పట్టుకున్నావు. దారిలో పురుగును తొక్కి చంపానని ఏడుస్తాడు, ఆ కన్నీళ్లు దవడ కీళ్లలోకి జారి తుప్పు పడతాయి, నోరు పెగలదు. ఎందుకు మాట్లాడడం లేదో డొరతీకి అర్థం కాదు. చివరికి దిష్టిబొమ్మ నూనెడబ్బా అందుకుని వేస్తే గాని మాట రాదు. ఇదంతా మూడో పాదంలో ఇమిడిపోయింది. అయితే రెండో పాదంలో యతి తప్పింది, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో రావాల్సిన జోడీ అక్షరం కుదరలేదు. ‘రే’కు ‘చె’ కుదరదు. ‘రేకుమనిషి కనులు రెండు తడిసె’ అని చూడు.

కొత్తగొంతు:
ధన్యవాదాలు గురువుగారూ. ‘చెమ్మగిల్లె’ మీద మోజుతో లెక్క మరిచాను. మార్చుకుంటాను.

రేవుగాలి:
నాదీ పుస్తకమే. అతను రేకుమనిషి ఎలా అయ్యాడో చెబుతున్నాను.

మంత్రగత్తె పన్ను మాయకు గొడ్డలి
కాలు చేయి తలయు కత్తిరించె
వలచినట్టి పిల్ల వదలిపోయిన నాడు
గుండె లేనివాడు కుమిలి యేడ్చె

పాతచింత:
గణాలు, యతులు సరిపోయాయి. చిక్కు మాటల్లో ఉంది. ‘పన్ను మాయ’ అంటే పన్నే మాయ అని మీ ఉద్దేశం, కానీ అనగానే నాకు మున్సిపాలిటీ నోటీసు గుర్తొచ్చింది, అది నా ఖర్మ అనుకోండి. గొడ్డలి నరుకుతుంది, కత్తెర కత్తిరిస్తుంది. యతి కోసం గొడ్డలిని కత్తెర చేశారు.

అసలు తప్పు మూడో పాదంలో ఉంది. పిల్ల వదలిపోలేదు. ఆమెతో ఉండే ముసలమ్మ పెళ్లి చెడగొట్టమని రెండు గొర్రెలూ ఒక ఆవూ ఇస్తానంటే మంత్రగత్తె ఆ గొడ్డలికి మాయ పెట్టింది. తెగిన అవయవమల్లా కంసాలి రేకుతో చేసిపెట్టాడు. మొండెం కూడా పోయాక గుండె లేదు, ప్రేమా లేదు. ఆమెను పెళ్లాడినా మానినా తనకు ఒకటేనని అతనే చెబుతాడు. తర్వాత వానలో తుప్పుపట్టి అడవిలో ఏడాది పాటు కదలకుండా నిలబడినప్పుడు, పోయినవాటిలో గుండె పోవడమే పెద్ద నష్టమని తెలిసింది. పిల్ల పోయిందని కాదు, ప్రేమించడం పోయిందని ఆ దుఃఖం.

రేవుగాలి:
నిజమే, అది చాలా పెద్ద తేడా. ఇలా సవరించాను:

మంత్రగత్తె పన్ను మాయ గొడ్డలివల్ల
కాలు చేయి తలయు ఖండమయ్యె
వలపు పోయెననుచు వనములో నొంటిగా
గుండె లేనివాడు కుమిలి యేడ్చె

‘పన్ను’ను మాత్రం వదలను. మీరు నోటీసు కట్టేయండి.

నిర్వాహకుడు:
ఇంతవరకు వచ్చినవాటిలో ఇదే నాకు నచ్చింది. ‘వనములో నొంటిగా’ దగ్గర పద్యం ఒక్క క్షణం ఆగుతుంది. ఒక చమత్కారం చెప్పనా? బామ్ తన ముందుమాటలో, ఈ కథలో వింతనూ ఆనందాన్నీ ఉంచి గుండెకోతలనూ పీడకలలనూ తీసేశానని రాసుకున్నాడు. తీసేసిన గుండెకోత అంతా ఈ రేకు డొల్లలోకి చేరినట్టుంది.

ఎదురుగాలి:
అందరూ అతన్ని సాధువును చేస్తున్నారు. నేను ఒప్పుకోను.

నలుబదింటి తలలు నరికిన చేతితో
చిన్న పురుగు కొరకు చెమ్మ తుడిచె
ప్రాణమొకటె గాదె పగవాని కైనను
గుండె లేనివాడు కుమిలి యేడ్చె

మంత్రగత్తె పంపిన నలభై తోడేళ్లనూ అతను ఒక్కొక్కటిగా నరికాడు.

పాతచింత:
‘గుండె లేనివాడు’ అన్న మాటను నిజంగానే తిట్టుగా వాడారు, భేష్. రెండు అభ్యంతరాలు. తోడేలు పద్యంలో లేదు, కింద వివరణలో ఉంది. పద్యం తన కాళ్ల మీద నిలబడాలి. రెండోది, పురుగు ముందు చచ్చింది, తోడేళ్లు తర్వాత. మీరు వరస తిప్పేశారు.

ఎదురుగాలి:
వరస తప్పు ఒప్పుకుంటాను. పురుగు కోసం ఏడ్చినవాడే తర్వాత నలభై నరికాడంటే నా వాదన ఇంకా బలపడుతుంది కదా!

రేవుగాలి:
అవి డొరతీని చీల్చడానికి వచ్చిన తోడేళ్లు, మరవకండి.

వెండితెర:
నాది సినిమా. గుండె బదులు గడియారం ఇస్తారే, అది.

టిక్కుమనెడి బొమ్మ డెందమే యనుకొని
మురిసె; పాప యింటి మొగము పట్టె
పగిలెనపుడె తెలిసె బతికి యున్నదటంచు
గుండె లేనివాడు కుమిలి యేడ్చె

అన్నట్టు, ఆ వేషానికి మొదట తీసుకున్న బడ్డీ ఎబ్సెన్ ఒంటికి పూసిన అల్యూమినియం పొడి పీల్చి ఆసుపత్రి పాలయ్యాడు. తర్వాత జాక్ హేలీ వచ్చాడు, అతనికి పొడి మానేసి ముద్దగా చేసి పూశారు.

కొత్తగొంతు:
గడియారం అందాక కూడా ‘లేనివాడు’ అనవచ్చునా?

వెండితెర:
గడియారం గుండె ఎలా అవుతుందమ్మా?

పాతచింత:
టి–డె యతికి దండం. పుస్తకంలోనూ వీడ్కోలు వేళ కీళ్లకు ప్రమాదం అన్నంతగా ఏడుస్తాడు, కాబట్టి ఈ పద్యం రెండు చోట్లా చెల్లుతుంది. పుస్తకంలో ఇచ్చింది రంపపుపొట్టు కూరిన పట్టుగుండె. ఇంకొకటి గమనించండి. సింహంతో నీకు ధైర్యం ఉందంటాడు మాంత్రికుడు, దిష్టిబొమ్మతో నీకు మెదడు అక్కరలేదంటాడు. ఇతనితో మాత్రం నీకు గుండె ఉందని అనడు. గుండె కోరుకోవడమే పొరపాటు, చాలామందికి దానివల్ల దుఃఖమే అంటాడు. ఆ దుఃఖం కిమ్మనకుండా భరిస్తాను, ఇవ్వండి అంటాడు రేకుమనిషి. దీని మీద ఎవరూ పూరించలేదు.

నిర్వాహకుడు:
గడువు రాత్రితో సరి, మీరే పూరించండి. వచ్చే వారానికి సమస్య ఇదిగో: ‘కళ్లజోడు పెట్టి కానడయ్యె’. పచ్చల నగరం సినిమాలో నిజంగానే పచ్చన, పుస్తకంలో గుమ్మం దగ్గర తాళం వేసి తగిలించే అద్దాలవల్ల పచ్చన. అంతకుమించి చెప్పను.