నర్సింగ్ సిద్ధాంతాలను వార్డు నుంచే మొదలుపెట్టి చెప్పవచ్చా?

నమస్కారం. బీఎస్సీ నర్సింగ్ మొదటి సంవత్సరం పిల్లలకు పాఠాలు చెబుతాను. సిద్ధాంతాల దగ్గరికి రాగానే ప్రతి ఏడూ ఇబ్బందే. 1859లో నైటింగేల్ గాలి, వెలుతురు, శుభ్రత గురించి రాశారు, 1952లో పెప్లావ్ నర్సుకూ రోగికీ మధ్య సంబంధం గురించి రాశారు, హెండర్సన్ మనిషికి ఉండే 14 ప్రాథమిక అవసరాలు చెప్పారు అని వరుసగా చెప్పుకుంటూ పోతే, పేర్లూ ఏళ్లూ బట్టీపట్టి పరీక్ష రాసేస్తున్నారు. వార్డులో కేర్ ప్లాన్ రాయమంటే మాత్రం ఒక్కటీ గుర్తురాదు.

అందుకే ఈసారి ఒరెమ్ స్వీయ సంరక్షణ సిద్ధాంతాన్ని (రోగి చేసుకోగలిగినది తనే చేసుకోవాలి, చేసుకోలేని చోటే నర్సు సాయం చేయాలి అనేది) రోగి మంచం పక్కనే మొదలుపెట్టాను. పక్షవాతం వచ్చిన ఒక పెద్దాయన. "ఈయన సొంతంగా ఏం చేసుకోగలరు? మనం ఏం చేయాలి? ఏం నేర్పాలి?" అని అడిగితే పిల్లలు చకచకా చెప్పారు. నాకెంత సంతోషమో! కానీ ఆయన కుడిచేయి బాగానే ఆడుతున్నా, భార్యే అన్నం కలిపి ముద్దలు పెడుతున్నారు. "మేడమ్, ఆమెను ఆపాలా?" అని ఒకమ్మాయి అడిగింది. నాకు జవాబు తోచలేదు. ఇంటివాళ్లు చేసే సంరక్షణ గురించి ఒరెమ్ కూడా చెప్పారు, నిజమే. అయినా మన ఇళ్లలో ముద్ద పెట్టడమంటే ప్రేమ కదా, వద్దంటే నొచ్చుకుంటారు.

సీనియర్ ట్యూటర్లు, స్టాఫ్ నర్సులు దయచేసి చెప్పండి. ఇలాంటిచోట మీరు ఆ కుటుంబంతో ఎలా మాట్లాడతారు? రాయ్ అడాప్టేషన్ మోడల్‌కు (మారిన పరిస్థితులకు రోగి ఎలా సర్దుకుంటాడో చూసే సిద్ధాంతం) డయాలసిస్ రోగిని ఎంచుకుందామనుకుంటున్నాను, మొదటి సంవత్సరం వాళ్లకు అది బరువవుతుందా? సిద్ధాంతాల చరిత్రను ముందు చెప్పాలా, వార్డు చూపించాక చెప్పాలా? వచ్చే వారమే క్లాసు, కాస్త టెన్షన్‌గా ఉంది.