అమ్మ పోయాక ప్రార్థనలో మాటలు రావడం లేదు

అమ్మ చనిపోయి 4 నెలలైంది. ఆదివారం ఆరాధనకు వెళ్తున్నాను, పాటలూ పాడగలుగుతున్నాను. రాత్రి 3 గంటలకు మెలకువ వచ్చి మోకరిస్తే మాత్రం "ప్రభువా" దగ్గరే ఆగిపోతున్నాను. 6 వారాలు రోజూ 23వ కీర్తన చదివాను. చివరి రోజుల్లో అమ్మకు చదివి వినిపించింది కూడా అదే, దాంతో ఏడుపే మిగిలింది. పాస్టర్ గారు రోజూ కృతజ్ఞతలు రాసుకోమన్నారు. 9 రోజులు రాసి మానేశాను, అబద్ధం రాస్తున్నట్టు అనిపించింది. కాస్త ఊరటనిచ్చింది 88వ కీర్తన ఒక్కటే. అది చీకటితోనే ముగుస్తుంది, అందుకేనేమో! నిద్ర గురించి డాక్టర్‌తో మాట్లాడాను, ఆ సంగతి వేరు. దేవుని మీద కోపమేమీ లేదు. ఇలాంటి దశ దాటినవాళ్లు చెప్పండి: మాటలు రాని ఆ రాత్రివేళ మీరు ఏ వాక్యభాగం పట్టుకుని ప్రార్థించారు?