పాత ఎల్‌ఈడీ ట్యూబులతో గది లోపల టమాటా: ఈ వెలుతురు సరిపోతుందా?

మిద్దె లేని రైతు:

నమస్కారం. మేము హైదరాబాదులో ఒక అపార్ట్‌మెంటు రెండవ అంతస్తులో ఉంటున్నాము. పక్క భవనానికీ మా గోడకూ మధ్య నాలుగడుగుల సందు మాత్రమే ఉండడం వల్ల బాల్కనీలోకి నడినెత్తి వేళ ముప్పావుగంట తప్ప ఎండ రాదు. మేడ మీదికి వెళ్ళే తలుపుకు తాళం ఉంటుంది. రెండేళ్ళుగా నేను వేసిన టమాటా నారు ప్రతిసారీ దారప్పోగులా సాగి, నాలుగాకులు వేసి, ఒక పక్కకు ఒరిగిపోతోంది.

ఇటీవల మా భవనంలో కారిడార్ల దీపాలు మార్చి, తీసేసినవాటిని పాత సామాన్లవాడికి వేయబోతుంటే నేను అడిగి తెచ్చుకున్నాను. నాలుగడుగుల పొడవున్న 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబులు మొత్తం 8 దొరికాయి. వాటిలో 5 వెలుగుతున్నాయి, 3 వెలగడం లేదు. ఇవి కాక ఇంట్లో పోగుపడిన, మాడిపోయిన 9 వాట్ల బల్బులు 11, పాత డెస్క్‌టాప్ కంప్యూటరు పవర్ సప్లై, దాని ఫ్యాను, నాలుగడుగుల పొడవూ అడుగున్నర వెడల్పూ ఉన్న ఇనుప ర్యాకు, ఫ్రిజ్‌తో వచ్చిన థర్మాకోలు, వినాయక చవితి పందిరికి కట్టిన ఫ్లెక్సీ ఒకటి నా దగ్గర ఉన్నాయి. ర్యాకును స్టోర్ గదిలో పెట్టి, పై అర కింద ట్యూబులను వేలాడదీసి, కింది అరలో కుండీలు పెట్టాలని ఆలోచన.

నా సందేహాలు ఇవి. మొక్కలకు ఊదారంగు దీపాలే కావాలని, ఇంటి దీపాలు పనికిరావని ఒక మిత్రుడు అంటున్నాడు; అది నిజమేనా? ఐదు ట్యూబులతో కాయ దాకా వెళ్ళగలమా, లేక నారుతోనే ఆగిపోవాలా? మాడిన బల్బులను విప్పి, లోపలి ఎల్‌ఈడీ పళ్ళేలను ఒక రేకుకు బిగించి వాడుకోవచ్చా? కొత్తగా కొనడానికి రెండు మూడు వందలకు మించి ఖర్చు పెట్టదలచుకోలేదు.

పాత రేడియో మెకానిక్:

అయ్యా, మీ చివరి ప్రశ్నకు ముందుగా సమాధానం చెప్పాలి, ఎందుకంటే ప్రాణం మీదికి వచ్చేది అదొక్కటే.

బల్బు మాడిపోయిందంటే చాలాసార్లు అందులో మాడేది ఒకే ఒక్క ఎల్‌ఈడీ. పైనున్న తెల్లని ప్లాస్టిక్ బుడ్డిని తిప్పి ఊడదీస్తే గుండ్రటి అల్యూమినియం పళ్ళెం మీద పసుపు చుక్కలు వరుసగా కనబడతాయి. వాటిలో ఒకదాని నడుమ సూదిమొనంత నల్లమచ్చ ఉంటుంది. అన్నీ దండలో పూసల్లా ఒకే వరుసలో కలిసి ఉంటాయి కాబట్టి ఒకటి తెగితే అన్నీ ఆరిపోతాయి. ఆ చుక్కను గీకేసి, రెండు కొనలనూ సోల్డరుతో కలిపితే బల్బు మళ్ళీ వెలుగుతుంది. యూట్యూబులో అందరూ చూపించేది ఇదే. అయితే మొదటిదాన్ని మాడ్చిన వేడి మిగిలినవాటిని కూడా వదలదు. నేను బాగుచేసిన బల్బులు కొన్ని నెలకే మళ్ళీ నా బల్ల మీదికి వచ్చాయి.

అసలు ప్రమాదం వేరే ఉంది. చవక బల్బుల్లో లోపలి డ్రైవరుకూ (ఇంటి కరెంటును ఎల్‌ఈడీలకు తగినట్లు మార్చే చిన్న బోర్డు) ఇంటి కరెంటుకూ మధ్య ట్రాన్స్‌ఫార్మర్ వంటి అడ్డు ఏదీ ఉండదు. ఆ పళ్ళెం మీది రాగి గీతల్లో నేరుగా మెయిన్స్ కరెంటే తిరుగుతూ ఉంటుంది. తడి చేత్తో కుండీకి నీళ్ళు పోస్తూ తల పైకెత్తితే నుదురు తగిలే ఎత్తులో, బుడ్డి లేని 11 పళ్ళేలను ఇనుప ర్యాకుకు బిగించడమంటే ఏమిటో మీరే ఊహించుకోవచ్చు. బుడ్డి తీసేస్తే వెలుతురు కొంత పెరిగే మాట నిజమే, కానీ ఆ కొంత కోసం ఈ పని చేయవద్దని నా గట్టి అభిప్రాయం. బాగుచేసినవాటిని బుడ్డితో సహా హోల్డరులోనే పెట్టి వాడుకోండి.

మీ అసలు ఆస్తి ఆ 3 వెలగని ట్యూబులు. ముందుగా చివర వైరు జాయింటు వదులైందేమో చూడండి. అది బాగుంటే, ఒక కొసన మూత లోపల దూర్చిన చిన్న డ్రైవరు బోర్డును బయటికి లాగండి. దాని మీద నిలబడి ఉండే చిన్న డబ్బా వంటి కెపాసిటరు తల ఉబ్బి ఉంటే తప్పు అక్కడే. స్విచ్చి ఆపడంతో సరిపెట్టక ప్లగ్గు ఊడదీసి, కొన్ని నిమిషాలు ఆగిన తరువాతే చేయి పెట్టండి. డ్రైవరు మీద మిల్లీఆంపియర్లూ వోల్టుల హద్దులూ రాసి ఉంటాయి. అవే అంకెలున్న డ్రైవరు కోఠి గుజరాతీ గల్లీలో వెతికితే మీ బడ్జెట్‌లోనే దొరుకుతుంది.

ఇనుప ర్యాకుకు తప్పనిసరిగా ఎర్త్ వైరు కలపండి. మీ ఇంట్లో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే తనంతట తానే ఆపేసే స్విచ్చి) ఉందో లేదో చూసుకుని, ఉంటే దాని టెస్ట్ బటన్ నొక్కి అది పడుతోందని నిర్ధారించుకున్నాకే దీపాలు వేయండి. వైర్లను ప్లగ్గు కంటే కిందికి ఒక వంపు తిప్పి తీసుకెళితే, జారిన నీరు ఆ వంపు దగ్గరే బొట్టుగా పడిపోతుంది, సాకెట్టులోకి పోదు. కంప్యూటరు పవర్ సప్లైని విప్పవద్దు; ప్లగ్గు తీసిన తరువాత కూడా లోపలి పెద్ద కెపాసిటర్లు దెబ్బ కొడతాయి. ఒక్క ఫ్యాను తిప్పడానికి అంతది అక్కర కూడా లేదు, పాత రౌటరు తాలూకు 12 వోల్టుల అడాప్టరు చాలు. థర్మాకోలు త్వరగా అంటుకునే వస్తువు, దానిని డ్రైవర్ల దగ్గరికి రానివ్వకండి.

నారుమడి:

కరెంటు సంగతి పెద్దాయన చెప్పారు కాబట్టి నేను మొక్క వైపు నుంచి చెబుతాను.

ఊదారంగు దీపం తప్పనిసరి అనడం సరి కాదు. పత్రహరితం ఎరుపునూ నీలాన్నీ ఎక్కువగా పీల్చుకుంటుందని బడిలో చదివిన పాఠమే ఈ అపోహకు మూలం. 1972లో మెక్‌క్రీ అనే శాస్త్రవేత్త 22 రకాల మొక్కల ఆకుల మీద ఒక్కొక్క రంగు కాంతినీ విడివిడిగా వేసి కొలిచినప్పుడు, ఆకుపచ్చ కాంతితో కూడా కిరణజన్య సంయోగక్రియ చాలావరకు జరుగుతుందని తేలింది. మన ఇంటి తెల్ల ఎల్‌ఈడీ నిజానికి నీలి చిప్ మీద పసుపు పూత. ఆ పూతే నీలంలో కొంత భాగాన్ని పసుపుగా, ఎరుపుగా మారుస్తుంది. మీ కారిడారు ట్యూబులు 6500 కెల్విన్ల (తెలుపు ఛాయను చెప్పే అంకె) చల్లని తెలుపు అయి ఉంటే అందులో నీలం పాలు ఎక్కువ, అందుచేత నారు పొట్టిగా, కణుపులు దగ్గరగా వస్తుంది. పువ్వులు వచ్చే దశలో ఒకటి రెండు పసుపుపచ్చని వార్మ్ వైట్ బల్బులు కలిపితే ఎరుపు లోటు కొంత తీరుతుంది. ఊదా వెలుతురులో ఆకు నల్లగా కనబడుతుంది; తెగులు తగిలినా, పాలిపోయినా మనకు తెలియదు. నేను దానిని వద్దనడానికి ఇది అన్నిటికన్నా పెద్ద కారణం.

ఇక చాలుతుందా అన్న ప్రశ్న. 20 వాట్ల ట్యూబు మొత్తం వెలుతురు సుమారు 2000 ల్యూమెన్లు అనుకుంటే ఐదింటికి 10,000. పక్కలకు పోయేది పోగా ముప్పాతిక వంతు మొక్కల మీద పడుతుందనుకుందాం. మీ అర విస్తీర్ణం దాదాపు 0.55 చదరపు మీటరు కాబట్టి సగటున 13,600 లక్సులు (అంటే చదరపు మీటరుకు అన్ని ల్యూమెన్లు) వస్తాయి. తెల్ల ఎల్‌ఈడీకి లక్సులను 70తో భాగిస్తే మొక్కకు ఉపయోగపడే కాంతి చదరపు మీటరుకు సెకనుకు ఎన్ని మైక్రోమోళ్ళో (మోలులో పది లక్షల వంతు) ఉజ్జాయింపుగా తెలుస్తుంది. అది 195 దాకా ఉంటుంది. రోజుకు 16 గంటలు వెలిగిస్తే ఆ సెకన్లన్నీ కలిపి చదరపు మీటరుకు రోజుకు 11 మోళ్ళు. నారుకు ఇది హాయిగా సరిపోతుంది. మామూలు టమాటా నిండుగా కాయాలంటే 20 నుంచి 30 మోళ్ళు కావాలి. ఆ మూడు ట్యూబులూ బాగుపడితే 18 దాకా వస్తుంది; మైక్రో టామ్, టైనీ టిమ్ వంటి పొట్టి చెర్రీ రకాలు దానితో కాస్తాయి. పందిరికి ఎగబాకే రకాలను మాత్రం ఆ ర్యాకులో పెట్టకండి, నెల తిరిగేసరికి తల దీపానికి తగులుతుంది.

వెలుతురు చాలలేదని 24 గంటలూ వెలిగించే ఆలోచన చేయకండి. టమాటాకు చీకటి లేకపోతే ఆకులు పాలిపోయి మచ్చలు పడతాయి. రోజుకు కనీసం ఆరు గంటలైనా చీకటి ఉండాలి. ట్యూబులను ఆకు చివరలకు జానెడు ఎత్తున వేలాడదీసి, మొక్క పెరిగే కొద్దీ గొలుసు కొక్కెం ఒక్కొక్క లింకు పైకి జరపండి. ఫ్లెక్సీ వెనుక వైపు తెల్లగా ఉంటే మీ అదృష్టం, థర్మాకోలు కన్నా అదే మేలు: తెలుపు బయటికి కనబడేలా మూడు వైపులా కట్టండి. వెనుక నల్లపూత ఉన్న రకమైతే లోపల తెల్ల సున్నపు గోడను వాడుకోవడమే నయం.

ఖర్చు సంగతి కూడా చెప్పాలి. ఎనిమిది ట్యూబులు 16 గంటలు వెలిగితే రోజుకు 2.56 యూనిట్లు, నెలకు 77 యూనిట్లు. అది మీ బిల్లును పై స్లాబులోకి నెట్టవచ్చు. 2023 జూలైలో కిలో టమాటా 150 రూపాయలు దాటిన రోజుల్లో కూడా ఈ లెక్క గిట్టుబాటు కాదు. మదనపల్లె మార్కెట్టుతో మనం పోటీ పడలేము. సరదాకు అయితేనే చేయండి.

మిషిగన్ తోట:

మేము అమెరికాలోని మిషిగన్‌లో ఉంటాము. ఇక్కడ మే నెల నడిమి దాకా మంచు భయం ఉంటుంది కాబట్టి మార్చి చివరలో నేలమాళిగలో నారు పోసుకోవడం మాకు అవసరం. పాత ఇల్లు కొన్నప్పుడు గరాజులో వదిలేసి వెళ్ళిన ఫ్లోరోసెంట్ దీపాల కిందనే నాలుగేళ్ళు నారు పెంచాను. అటువంటివి ఎవరికైనా దొరికితే పగలకుండా చూసుకోండి, లోపల పాదరసం ఉంటుంది.

ఒక మాట అదనంగా చెబుతాను. దూరం రెట్టింపైతే వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుందని చాలామంది రాస్తారు. అది ఒంటరి బల్బుకు వర్తించే లెక్క. నాలుగడుగుల ట్యూబులు పక్కపక్కన పేర్చి, చుట్టూ తెల్ల తెర కట్టిన అరలో వెలుతురు అంత వేగంగా తగ్గదు. అందువల్ల మొక్కలను దీపానికి అంటించాలన్న తొందర అక్కర్లేదు; తెర సరిగ్గా కట్టడం మీద శ్రద్ధ పెట్టండి.

మిద్దె లేని రైతు:

అందరికీ కృతజ్ఞతలు. యాభై ఐదు రోజుల తరువాత రాస్తున్నాను.

మూడు ట్యూబుల్లో ఒకదానికి వైరు మాత్రమే ఊడింది, ఒకదానికి కెపాసిటరు ఉబ్బింది. డ్రైవరు మార్చాక రెండూ వెలిగాయి. మూడవది మొండికేసింది. ఇప్పుడు ఏడు ట్యూబులు ఉన్నాయి. ఫోనులోని లక్స్ యాప్‌తో కుండీల మధ్య కొలిస్తే తెర లేనప్పుడు 12,800, ఫ్లెక్సీ కట్టాక 18,500 చూపించింది. ఫోను కొలతను నమ్మలేమని తెలుసు గానీ, తేడా ఇంత ఉంటుందని నేను అనుకోలేదు. దీపాలు తెల్లవారుజామున 5 నుంచి రాత్రి 9 దాకా టైమరు మీద నడుస్తున్నాయి. రౌటరు అడాప్టరుతో తిరిగే కంప్యూటరు ఫ్యాను గాలికి నారు నెమ్మదిగా ఊగుతూ ఉంటుంది. ఈసారి కాడలు పెన్సిలు మందాన వచ్చాయి.

నాలుగు చెర్రీ మొక్కలు పూత మీద ఉన్నాయి. రెండు సమస్యలు మాత్రం కనబడుతున్నాయి. పువ్వులు విచ్చుకుని, నాలుగు రోజులకు తొడిమతో సహా రాలిపోతున్నాయి. ఇంకా, అడుగు ఆకుల వెనుక ఈనెల వెంబడి ఇసుక చల్లినట్లు చిన్న చిన్న పొక్కులు లేచాయి; తడిమితే గరుకుగా ఉన్నాయి, భూతద్దంతో చూసినా పురుగేదీ కనబడలేదు. ఇదేమైనా తెగులా?

నారుమడి:

పూత రాలడానికి కారణం మీ గదిలో గాలీ తుమ్మెదా లేకపోవడం. టమాటా పువ్వు తనంతట తానే ఫలదీకరణ చెందుతుంది గానీ, పుప్పొడి ఒక గొట్టం వంటి సంచిలో ఉంటుంది. అదిరితే తప్ప రాలదు. మీ ఫ్యాను గాలి కాడకు చాలింది, పువ్వుకు చాలదు. పాత బ్యాటరీ టూత్‌బ్రష్ ఉంటే ఉదయం 10, 11 గంటల మధ్య దాని వీపును పూగుత్తి కాడకు రెండు మూడు క్షణాలు ఆనించండి. లేకపోతే గుత్తి వెనుక చూపుడు వేలితో చిటికె వేసినట్లు కొట్టండి. కింద నల్లని గుడ్డ పరిస్తే, రాలిన సన్నని పసుపు పొడి కంటికి కూడా కనబడుతుంది. గది పగలు 35 డిగ్రీలు దాటుతున్నా, రాత్రి వేడి తగ్గకపోయినా పుప్పొడి పాడైపోతుంది కాబట్టి థర్మామీటరు ఒకటి అరలో వేలాడదీయండి; ఇటువంటి పంటకు హైదరాబాదులో చలికాలమే అనువు.

ఆ పొక్కులు తెగులు కావు. అతినీలలోహిత కిరణాలు ఏమాత్రం లేని దీపాల కింద టమాటా ఆకు కణాలు కొన్ని అదుపు లేకుండా ఉబ్బుతాయి. గాలిలో తేమ ఎక్కువైతే ఇంకా పెరుగుతాయి. మందు కొట్టనక్కర లేదు. నీళ్ళు సాయంత్రం కాక ఉదయం పోయండి, ఫ్యానును కొంచెం దగ్గరికి జరపండి. మీ బాల్కనీలోకి ముప్పావుగంట ఎండ వస్తుందన్నారు కదా, పొక్కులు ఎక్కువగా ఉన్న కుండీలను ఆ వేళకు అక్కడికి మార్చండి. లోపల పెరిగిన ఆకు ఒక్కసారిగా మాడిపోతుంది కాబట్టి మొదటి రోజు పది నిమిషాలు చాలు. రోజుకు ఐదు నిమిషాల చొప్పున పెంచుకుంటూ పోతే వారం పది రోజుల్లో మొత్తం ఎండకు అలవాటు పడతాయి. ఇప్పటికే లేచిన పొక్కులు పోవు, కొత్త ఆకులు నున్నగా వస్తున్నాయో లేదో చూసి చెప్పండి.